ముళ్లు లేని మొక్కకు ఒక మాట: ‘ఇనెర్మిస్’ను తెలుగులో ఏమనాలి?

తోటపలక (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. మా డిగ్రీ కళాశాలలోని ఔషధ మొక్కల తోటకు తెలుగు పలకలు రాసే పని ఈ వేసవిలో నా మీద పడింది. ఒక్కొక్క పలక మీద తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఆ నామానికి ఒక్క మాటలో అర్థం ఉండాలని మా విభాగాధిపతి కోరారు. ‘ఇండికా’ అంటే భారతదేశపుదని, ‘ఆల్బా’ అంటే తెల్లనిదని సులువుగానే రాసుకుంటూ పోయాను గాని, గోరింట దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. దాని శాస్త్రీయ నామం లాసోనియా ఇనెర్మిస్. ‘ఇనెర్మిస్’ అంటే ముళ్లు లేనిదని అర్థం. ఇంగ్లీషులో దీని నుంచి ‘ఇనెర్మస్’ అనే మాట కూడా పుట్టిందట; నిఘంటువుల్లో తప్ప ఎక్కడా కనబడని ఆ మాట ఆ భాషవారికే కొత్తగా తోస్తుంది.

‘ముళ్లు లేనిది’ అని రెండు మాటల్లో రాసేయవచ్చు. అయితే తెలుగులో ఇందుకు ఒక్క పదం ఉన్నదా, లేకపోతే ఎందుకు లేదు అన్న సందేహం పట్టుకుని వదలడం లేదు. ‘నిష్కంటకం’ అని రాస్తే పిల్లలకు అర్థమవుతుందా? పెద్దలు సలహా ఇవ్వగలరు.

పాతఫ్లోరా

తోటపలక గారూ, ముందు ఆ లాటిన్ మాట సంగతి చూద్దాం. ‘ఆర్మా’ అంటే ఆయుధాలు. దానికి ముందు లేమిని చెప్పే ‘ఇన్’ చేరినప్పుడు లోపలి ‘ఆ’ కాస్తా ‘ఎ’గా మారి ‘ఇనెర్మిస్’ అయింది. అంటే దాని అసలు అర్థం ముళ్లు లేనిది కాదు, ఆయుధం లేనిది, నిరాయుధం. రోమనులు చేతిలో కత్తి లేని మనిషి గురించి వాడిన మాటను వృక్షశాస్త్రజ్ఞులు మొక్కకు తెచ్చుకున్నారు, ఎందుకంటే వారి దృష్టిలో ముల్లు మొక్కకు ఆయుధం. ఇంగ్లీషు ఫ్లోరాలు, అంటే ఒక ప్రాంతపు మొక్కలను వర్ణించే పుస్తకాలు, కూడా ఇదే ఉపమానాన్ని పట్టుకున్నాయి. 1915లో మొదలై 1936 దాకా భాగాలుగా వెలువడిన గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా తిరగేయండి. కోస్తా, రాయలసీమ మొక్కలకు ఇప్పటికీ మనకు ఆధారమైన ఆ పుస్తకంలో మొక్కను గుర్తుపట్టే పట్టికలు చాలాచోట్ల ‘సాయుధమా, నిరాయుధమా’ అనే ప్రశ్నతోనే దారి చీలుస్తాయి.

ఇక గోరింట. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ తన ‘స్పీషీస్ ప్లాంటేరమ్’లో లాసోనియా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కింద రెండు మొక్కలను పక్కపక్కనే పెట్టాడు. కొమ్మలకు ముళ్లు లేనిదాన్ని ‘ఇనెర్మిస్’ అన్నాడు, ముళ్లున్నదాన్ని ‘స్పైనోసా’ అన్నాడు. తరువాతివారు తేల్చినదేమంటే ఆ రెండూ ఒకటే మొక్క. లేతగా ఉన్నంతకాలం గోరింటకు ముళ్లుండవు. ముదిరినకొద్దీ దాని పక్కకొమ్మల కొనలు గట్టిపడి ముళ్లవుతాయి. లినేయస్ చూసినవి ఒకే చెట్టు బాల్యమూ, వార్ధక్యమూ అన్నమాట! లామార్క్ ‘లాసోనియా ఆల్బా’ అని ఇంకో పేరు పెట్టాడు, మన పాత వైద్య గ్రంథాల్లో గోరింటకు ఆ పేరే తరచుగా కనిపిస్తుంది. చివరికి నిలిచింది మాత్రం ‘ఇనెర్మిస్’.

కాబట్టి మీరు పలక మీద ‘ముళ్లు లేనిది’ అని రాసి, దాని కిందనే ముదురు గోరింట ఉంటే, ఎవరో ఒక పిల్లవాడు వేలు గుచ్చుకుని మీ దగ్గరికి వస్తాడు.

తోటపలక

మాస్టారూ, ఈ మాట ముందే తెలిసి ఉంటే బాగుండేది. అయితే పేరు తప్పని తేలిన తరువాత మార్చకుండా ఎందుకు వదిలేశారు?

పాతఫ్లోరా

మార్చకూడదు కనుక. వృక్షనామాల అంతర్జాతీయ నియమావళి 51వ అధికరణం ప్రకారం, సక్రమంగా ప్రకటితమైన పేరు మొక్కకు నప్పలేదన్న ఒక్క కారణంతో దానిని తోసిపుచ్చే వీలు లేదు. పేరు ఉన్నది గుర్తుపట్టడానికే గాని వర్ణించడానికి కాదు. మనలో మాత్రం నల్లగా ఉన్న శ్వేతలు, మాట తూలే శాంతమ్మలు లేరా?

గోరింటపేట

మా అమ్మమ్మగారి పెరట్లో గోరింట కంచె ఉండేది. ఆషాఢం వచ్చిందంటే ఆడపిల్లలందరం దాని మీద పడేవాళ్లం. కంచెను ఏటా కత్తిరించేవారు కాబట్టి చేతికందే ఎత్తులో ఎప్పుడూ లేత చిగుళ్లే ఉండేవి, ఒక్క ముల్లు గుచ్చుకున్న జ్ఞాపకం కూడా లేదు. వీధి చివర పాడుపడ్డ బావి దగ్గర కత్తెర ఎరుగని గోరింట చెట్టు ఇంకొకటి ఉండేది. దాని ఆకు బాగా పండుతుందని అందరూ అనేవారు గాని, కోయడానికి వెళితే చేతుల నిండా గీరుకుపోయేవి. అవి రెండూ వేరు వేరు జాతులని చిన్నప్పుడు గట్టిగా నమ్మేదాన్ని. లినేయస్‌కూ నా గతే పట్టిందని ఇప్పుడు తెలిసి కొంత ఊరట కలిగింది.

నిఘంటువుపురుగు

‘నిష్కంటకం’ విషయంలో నా అభ్యంతరం ఉన్నది. ఆ మాట వ్యుత్పత్తి ముళ్లు లేనిదనే, కాదనను. కాని తెలుగులో అది చెట్టును వదిలిపెట్టి చాలాకాలం క్రితమే రాజ్యమేలడానికి వెళ్లిపోయింది. ‘నిష్కంటకంగా పరిపాలించాడు’ అంటాం, అక్కడ కంటకులు శత్రువులు, దొంగలు, అడ్డు తగిలేవారు. ‘లోకకంటకుడు’ అన్నప్పుడు ఎవరికీ రేగుకంప గుర్తుకు రాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగో అధికరణం పేరే ‘కంటకశోధనం’. అందులో ఉన్నది మోసగాళ్ల నుంచి, నేరస్థుల నుంచి ప్రజలను కాపాడే విధానం. మీరు పలక మీద ‘నిష్కంటకం’ అని రాస్తే చదివినవాడు ఈ మొక్కకు ఇబ్బందులేవీ లేవని అనుకోగలడు.

తమాషా ఏమిటంటే లాటిన్ వాడు యుద్ధభూమిలోని మాటను మొక్కకు తెచ్చాడు, మనం మొక్క దగ్గరి మాటను రాజనీతికి పట్టుకెళ్లాం. ఇద్దరమూ ఎదురెదురు దారుల్లో నడిచాం.

పోనీ ‘బోడి’ అందామా? మా వైపు కొమ్ములు లేని మేకను బోడిమేక అంటారు, చెట్టూ చేమా లేని కొండ బోడికొండ. ఉండవలసినది లేకపోవడాన్ని ఒక్క మాటలో చెప్పే అచ్చ తెలుగు పదం ఇదే.

గోరింటపేట

అయ్యా, దయచేసి ఆ మాట వద్దు. ‘బోడి సలహా’, ‘బోడి పెత్తనం’ అనే వాడుకలో ఉన్న తిరస్కారం ఒక ఎత్తు, ఒకప్పుడు భర్త పోయిన ఆడవారిని ఆ మాటతో ఈసడించిన చరిత్ర ఇంకొక ఎత్తు. ఆడపిల్లల చేతులు పండించే గోరింట పక్కన ఆ మాట రాసిన పలకను చూడలేను. పైగా ముళ్ల విషయంలో ఆ మాట నిలకడగా కూడా లేదు. బోడకాకరను చూడండి, పేరు బోడ, ఒంటి నిండా మెత్తని ముళ్లు!

నిఘంటువుపురుగు

అమ్మా, మీరు చెప్పినది సబబుగానే ఉంది, ఆ సూచనను ఉపసంహరించుకుంటున్నాను. బోడకాకర దెబ్బ మాత్రం ఊహించలేదు.

అనంతజెముడు

ఇంతవరకు అందరూ ముళ్లు లేనిదానికి పేరు వెతుకుతున్నారు. నా ఉద్దేశంలో తెలుగువాడు ఆ పని ఎన్నడూ చేయలేదు, చేయవలసిన అవసరమూ అతనికి కలగలేదు. మనవాళ్లు ముళ్లున్నదానికే గుర్తు పెట్టారు, లేనిదాన్ని దాని మానాన వదిలేశారు.

తోటకూర ఉంది, దాని బంధువుకు ఆకుల చంకల్లో ముళ్లుంటే ముళ్లతోటకూర అన్నారు. గోరింట ఉంది, దానితో ఏ చుట్టరికమూ లేని పసుపుపచ్చ పూల బార్లేరియాను ముళ్లగోరింట అన్నారు. రోడ్డు పక్క గుబురుగా పెరిగే కంప వెదురును ముళ్లవెదురు అన్నారు. మరి ముళ్లు లేని వెదురుకు ఏమి పేరు పెట్టారు? ‘ముళ్లులేని వెదురు’ అనలేదు, ‘సాధనపు వెదురు’ అన్నారు. కర్రకు, బల్లేనికి, పనిముట్టుకు పనికొచ్చే గట్టి వెదురు కనుక దాని ఉపయోగమే దాని పేరైంది.

మా అనంతపురం వైపు జెముళ్లలో ఈ సంగతి ఇంకా బాగా కనిపిస్తుంది. నాగజెముడు, బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అని మేము విడదీసి పిలుస్తాం. వీటిలో కాడజెముడుకు ఒక్క ముల్లు కూడా ఉండదు. లాటిన్ వాడి చేతిలో పడితే దానికి ‘ఇనెర్మిస్’ అని పేరు పెట్టి ఉండేవాడేమో! మా పెద్దలు మాత్రం దానికి లేనిదాన్ని చూడలేదు, ఉన్నదాన్ని చూశారు. పెన్సిలు లావున పచ్చని కాడలు కనబడ్డాయి, కాడజెముడు అన్నారు. అంతే.

పాతఫ్లోరా

అనంతజెముడు గారు చెప్పినది బాగుంది, ఒప్పుకుంటున్నాను, కాని దానికి ఒక మెలిక పెట్టవలసి ఉంది. లాటిన్ వాడు కూడా ఊరికే లేమిని పేరుగా పెట్టలేదు. అరటికి, మామిడికి ఎవరూ ‘ఇనెర్మిస్’ అని పేరు పెట్టరు, అక్కడ ముల్లును ఎవరూ ఆశించరు కనుక. పక్కన ముళ్లున్న చుట్టం ఒకటి ఉన్నప్పుడే ఈ మాటకు పని పడుతుంది.

మన కోస్తాలో ఉప్పుటేళ్ల గట్ల వెంట, తోటల కంచెల్లో తెల్లని పూలతో పెరిగే పిసంగి మొక్కను తీసుకోండి. 1753లో లినేయస్ దానిని వోల్కమేరియా ఇనెర్మిస్ అన్నాడు. మన దగ్గర చూస్తే ఆ పేరుకు అర్థమే కనబడదు, పిసంగికి ముళ్లుంటాయని ఎవరనుకున్నారు కనుక? కాని అదే పుస్తకంలో అదే ప్రజాతి కింద కరీబియన్ దీవుల మొక్క వోల్కమేరియా అక్యులియేటా ఉంది, దానికి ముళ్లున్నాయి. సముద్రాల అవతలి చుట్టంతో పోల్చి మన పిసంగిని నిరాయుధం అన్నారన్నమాట.

ఈ పేరుకు తరువాత ఇంకొక ముచ్చట జరిగింది. 1788లో గేర్ట్‌నర్ దాన్ని క్లెరోడెండ్రమ్ ప్రజాతిలోకి మార్చాడు. ఆ మాట లాటిన్‌లో నపుంసక లింగం కాబట్టి ‘ఇనెర్మిస్’ కాస్తా ‘ఇనెర్మే’ అయింది. మళ్లీ 2010లో జన్యుపరమైన అధ్యయనాల ఆధారంగా పాత ప్రజాతికే తిరిగి చేర్చారు. వోల్కమేరియా స్త్రీలింగం గనుక ‘ఇనెర్మే’ మళ్లీ ‘ఇనెర్మిస్’ అయి పుట్టింటికి చేరింది. సంస్కృతంలో నిష్కంటకః, నిష్కంటకా, నిష్కంటకం అన్నట్టే ఇదీను. కాబట్టి తోటపలక గారు పిసంగి పలకకు పాత పుస్తకం చూసి ‘క్లెరోడెండ్రమ్ ఇనెర్మిస్’ అనో ‘వోల్కమేరియా ఇనెర్మే’ అనో కలగాపులగం చేయకుండా చూసుకోవాలి. ఈ తప్పు నర్సరీ చీటీల మీద నేను చాలా చూశాను.

కడియంనారు

నర్సరీ చీటీల మాట వచ్చింది కనుక మా కడియం వైపు నుంచి ఒక మాట. కొనడానికి వచ్చేవారు ‘ముళ్లు లేని నిమ్మ ఉందా, ముళ్లు లేని గులాబీ ఉందా’ అని రోజూ అడుగుతారు. గులాబీలో నిజంగానే ముళ్లు దాదాపుగా లేని రకాలున్నాయి. జెఫిరీన్ డ్రూయిన్ అనే పాత ఫ్రెంచి రకం 1868 నాటిది. నిమ్మ సంగతి వేరు. విత్తనం మొలిపించిన నిమ్మ మొక్కకు మొదటి కొన్నేళ్లు పొడవాటి ముళ్లుంటాయి. చెట్టు కాపుకొచ్చాక పై కొమ్మల్లో ముళ్లు చిన్నవై, తగ్గిపోతాయి. ఆ కాపు కొమ్మ నుంచి కన్ను తీసి అంటుకడితే ముళ్లు తక్కువగా ఉన్న మొక్క వస్తుంది. కొందరు దానినే ముళ్లు లేని రకమని చెప్పి అమ్మేస్తారు. అంటుకు అడుగున ఉన్న వేరుమొక్క నుంచి కొత్త చిగురు లేచిందంటే ఆ రంగు బయటపడుతుంది.

పాతఫ్లోరా మాస్టారు గోరింట ముదిరితే ముళ్లు వస్తాయన్నారు. నిమ్మ ముదిరితే ముళ్లు పోతాయి. ఒకటి పెద్దయ్యాక ఆయుధం పడుతుంది, ఇంకొకటి పెద్దయ్యాక ఆయుధం దించుతుంది. ఈ రెంటికీ కారణం ఒకటేనా, వేరువేరా?

పాతఫ్లోరా

మంచి ప్రశ్న. రెండూ ఒకే రకం ముళ్లే. మన వాడుకలో అన్నీ ముళ్లే గాని, అవి పుట్టే చోట్లు మూడు. కొమ్మే ముల్లయితే అది మొదటి రకం: గోరింట, నిమ్మ, దానిమ్మ, కాగితపు పూల బోగన్‌విల్లియా దీనికి చెందుతాయి. గోరింటా, దానిమ్మా ఒకే కుటుంబానివని గుర్తుంచుకుంటే రెండింటి కొమ్మల కొనలూ ఒకేలా ఎందుకు గుచ్చుకుంటాయో తెలుస్తుంది. ఆకు గాని, ఆకు మొదట్లోని చిన్న పత్రపుచ్ఛాలు గాని ముళ్లయితే రెండో రకం: నాగజెముడు, నల్లతుమ్మ, రేగు. రేగుకంపలో జంట ముళ్లను గమనించండి, తరచుగా ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా ఉంటుంది. ముందుకు పోతే ఒకటి, వెనక్కు లాగితే ఒకటి పట్టుకుంటుంది. మూడోది పైతోలు మీద మాత్రమే లేచే ముల్లు: గులాబీ, బూరుగు, ముళ్లవంకాయ. బొటనవేలితో పక్కకు నెడితే అది ఊడి వస్తుంది, కింద కట్టె తగలదు. కట్టె నుంచి వచ్చేది ‘స్పైనా’, బెరడుకు మాత్రమే అంటుకున్నది ‘అక్యూలియస్’ అని లినేయస్ అప్పుడే విడదీశాడు.

నిమ్మ ముల్లు విషయంలో 2020లో ఏల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. కొమ్మగా సాగవలసిన మొగ్గలోని మూలకణాల పనిని రెండు జన్యువులు ఆపివేస్తే ఆ మొగ్గ ముల్లుగా ముగుస్తుంది. వాటిని పనిచేయకుండా చేసినప్పుడు ముల్లు ఉండవలసిన చోట కొమ్మ వచ్చింది. అంటే నిమ్మముల్లు ఆగిపోయిన కొమ్మ. గోరింటలోనూ కొమ్మే ఆగిపోతుంది, అయితే చెట్టు వయసులో ఏ దశలో ఆగాలన్నది ఒక్కో మొక్కకు ఒక్కో తీరు.

పైతోలు ముల్లు కథ వేరు. 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం వంకాయ, గులాబీ వంటి ఏ చుట్టరికమూ లేని మొక్కల్లో కూడా ఈ ముళ్ల వెనుక ఒకే కుటుంబానికి చెందిన జన్యువులున్నాయి. వాటిని మొదట వరిలో గుర్తించి ‘లోన్లీ గై’ అని పేరు పెట్టారు, ఒంటరివాడు అన్నమాట. మన తాతముత్తాతలు ముళ్లు తక్కువ ఉన్న వంకాయ విత్తనాన్ని ఏరి దాచుకుంటూ వచ్చినప్పుడు, వారికి తెలియకుండానే ఆ జన్యువు చెడిన మొక్కలను ఎంచుకున్నారు. గుత్తివంకాయకు తొడిమ పట్టుకుంటే ఇంకా అక్కడక్కడ గుచ్చుకుంటుందంటే ఆ ఏరివేత పూర్తి కాలేదనే.

చికాగోపెరడు

ఇక్కడ మా వీధిలో రెండు వరుసలుగా ఉన్న చెట్ల పేరు గ్లెడిట్సియా ట్రయకాంథోస్ ఇనెర్మిస్. ఈ పేరును ఇంతకాలం చదివాను గాని ఈ చర్చ చూసేదాకా దానిలోని వింత తట్టలేదు. ‘ట్రయకాంథోస్’ అంటే మూడు ముళ్లది, ‘ఇనెర్మిస్’ అంటే ముళ్లు లేనిది. ఒకే పేరులో రెండూ! అడవిలో పెరిగే అసలు రకానికి మాను మీదే జానెడేసి ముళ్లు గుత్తులుగా, కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటాయి. ఒకసారి ఊరి బయట అడవిలో చూసి దగ్గరికి పోవడానికి భయపడ్డాను. అదే చెట్టులో సహజంగా పుట్టిన ముళ్లు లేని రూపాన్ని ఏరి, అంటుకట్టి, వీధుల్లో నాటారు. 1949లో ‘మొరేన్’ అనే రకానికి పేటెంటు కూడా ఇచ్చారు. ఎల్మ్ చెట్లు తెగులు సోకి వీధుల వెంట చచ్చిపోయినప్పుడు వాటి చోటులోకి వచ్చిన చెట్లలో ఇదొకటి.

మన తుమ్మలాగే చిన్న చిన్న ఆకులు, పొడవాటి కాయలు. వచ్చిన కొత్తలో దీన్ని చూసి మా ఊరి చెరువుగట్టు గుర్తుకొచ్చింది. ముల్లు లేని తుమ్మ కింద కారు ఆపుకోవడం మాత్రం ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

నిఘంటువుపురుగు

మీ వీధి చెట్టు పేరును తెలుగులో చెబితే ‘త్రికంటక నిష్కంటకం’ అవుతుంది. అవధానంలో సమస్యగా ఇవ్వవచ్చు.

అనంతజెముడు

‘ఇనెర్మిస్’ అన్న పేరు మనుషులను మోసగించిన పెద్ద ఉదంతం ఆస్ట్రేలియాది. ఒపన్షియా ఇనెర్మిస్ అని అప్పట్లో పిలిచిన జెముడు క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ ప్రాంతాల్లో 1920ల నాటికి సుమారు 2 కోట్ల 40 లక్షల హెక్టార్లను ఆక్రమించింది. రైతులు ఇళ్లు, పొలాలు వదిలి వెళ్లిపోయారు. ‘నిరాయుధం’ అనే పేరున్న మొక్క ఒక దేశంలో ఇంత భూమిని గెలుచుకున్నది! పెద్ద ముళ్లు తక్కువే గాని, దాని కన్నుల దగ్గర నూగులాంటి సన్నని ముళ్లుంటాయి. చర్మంలో దిగితే కంటికి కనబడవు, పట్టుకారుకు దొరకవు. 1925లో అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మట గుడ్లను తెచ్చి పెంచి, 1926 నుంచి వదిలారు. దాని పురుగులు జెముడు మట్టలను లోపలి నుంచి తొలిచి తినేశాయి. కొన్నేళ్లలో భూమి తిరిగి చేతికొచ్చింది. కృతజ్ఞతగా క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గా అనే ఊళ్లో ఆ చిమ్మట పేరుతో ఒక సమావేశ మందిరం కట్టుకున్నారు. ఆ మొక్క పేరు ఇప్పుడు ఒపన్షియా స్ట్రిక్టా.

మన నాగజెముడు దానికి దగ్గరి చుట్టమే, దీనికి మాత్రం ముళ్లు దండిగా ఉంటాయి. దక్షిణ భారతంలో దాన్ని అణచింది చిమ్మట కాదు, 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన ఒక పిండిపురుగు. మా తాత చిన్నప్పుడు ఊరి చుట్టూ కోటగోడలా ఉన్న జెముడు కంచె తెల్లని బూజు పట్టినట్టయి కుళ్లి కూలిపోయిందని చెప్పేవాడు. ఎవరో శాపం పెట్టారని ఊళ్లో అనుకున్నారట.

వికారాబాద్‌కుసుమ

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాదు, తాండూరు దగ్గర వ్యవసాయం చేసేవాణ్ణి. ముళ్లు లేని మొక్క అనగానే అందరూ అది మేలైనదన్నట్టు మాట్లాడుతున్నారు కనుక ఒక మాట చెప్పాలనిపించింది. మా వైపు కుసుమ పంటకు పువ్వు కింది పత్రాల అంచుల వెంట ముళ్లుంటాయి. కోతకు కూలీలు దొరకరు. దొరికినవారు చేతులకు, కాళ్లకు గుడ్డలు చుట్టుకుని, తెల్లవారుజామున మంచు పదునుకు ముళ్లు కాస్త మెత్తబడినప్పుడు కోస్తారు. ఈ బాధ తప్పించడానికి ముళ్లు లేని రకాలు వచ్చాయి, మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో తయారైన నారి-6 వాటిలో ఒకటి. పూరేకులు ఏరి అమ్ముకోవాలనుకునేవారికి ఆ రకం వరమే.

అయితే మా నాయన శనగ చేను చుట్టూ నాలుగు సాళ్లు ముళ్లకుసుమ వేసేవాడు. అది పంటా, కంచె కూడా. గొడ్లు మూతి పెట్టి వెనక్కి పోయేవి. ముళ్లు లేని కుసుమ వేసిన ఏడు నాకు ఆ కంచె లేదు. అడవి పందుల సంగతి సరేసరి, ఊరి మేకలు కూడా వచ్చి లేత మొక్కలను మేసిపోయాయి. కాబట్టి కుసుమలో ముల్లు లేకపోవడం సుగుణమా, లోపమా అన్నది ఆ పంట ఎక్కడ వేశామన్న దాని మీద ఉంటుంది. పాతఫ్లోరా గారు చెప్పిన ‘నిరాయుధం’ అనే మాట నాకు అందుకే నచ్చింది. ‘ముళ్లు లేనిది’ అంటే ఏదో హాయిగా వినబడుతుంది. ‘నిరాయుధం’ అంటే దానికి కాపలా ఎవరన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

గోరింటపేట

వికారాబాద్‌కుసుమ గారి మాట చదివాక నాకు జమ్మి గుర్తుకొచ్చింది. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి చెట్టు మీదే కదా. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. ఆయుధాలను మోసిన ఆ చెట్టులోనూ నిరాయుధ రకం ఉన్నదా?

పాతఫ్లోరా

ఉన్నదమ్మా. బికనీర్‌లోని కేంద్ర శుష్క ఉద్యాన సంస్థ ‘థార్ శోభ’ అనే ముళ్లు లేని జమ్మిని ఎంపిక చేసింది. రాజస్థాన్‌లో లేత జమ్మికాయలను కూరగా వండుకుంటారు, ఆకును మేకలకు, ఒంటెలకు మేపుతారు. ఈ రెండింటి కోసం కొమ్మలు కొట్టేవారికి ముళ్లు పెద్ద అవస్థ. దానిని విత్తనంతో కాక కన్ను అంటుతో పెంచుతారు. జమ్మి ముల్లు కూడా కణుపుల నడుమ బెరడు మీద లేచే చిన్నపాటి శంకువే.

ఈ మాటకు ఇంకొక అర్థం కూడా ఉన్నదని చెప్పకపోతే వివరణ అసంపూర్తిగా ఉంటుంది. బ్రోమస్ ఇనెర్మిస్ అని చలి దేశాల్లో పశువులకు పెంచే గడ్డి ఒకటుంది. గడ్డికి ముళ్లేమిటని అనుకోవచ్చు, అక్కడ లేనిది ముల్లు కాదు, గింజ చివర ఉండే మీసం. ఆ మీసాన్నే సంస్కృతంలో శూకం అన్నారు. చరకుడు ధాన్యాలను శూకధాన్యాలు, శమీధాన్యాలు అని విడదీసినప్పటి శూకం అదే. గడ్డి విషయంలో ‘ఇనెర్మిస్’ అంటే శూకం లేనిది. కాబట్టి తోటపలక గారు ఏ పదం పెట్టినా, అది అన్ని పలకలకూ సరిపోతుందని అనుకోవద్దు.

కడియంనారు

అయితే గోరింట పలక మీద చివరికి ఏమి రాస్తున్నట్టు?

తోటపలక

ఈ రోజు ఉదయం తోటకు వెళ్లి మా గోరింటను దగ్గరగా చూశాను. వాలుగా పెరిగిన రెండు పాత కొమ్మలకు ముళ్లున్నాయి, మొదట్లోంచి లేచిన కొత్త చిగుళ్లకు లేవు. తోటమాలి ఈ సంగతి ఎప్పటినుంచో ఎరుగును, నేను అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాడు. అందుచేత పేరుకు అర్థం అన్న చోట ‘ఇనెర్మిస్: నిరాయుధ’ అనే రాస్తున్నాను. దాని కింద చిన్న అక్షరాల్లో ‘లేత కొమ్మలకు ముళ్లు ఉండవు, ముదిరిన కొమ్మల కొనలు ముళ్లుగా మారతాయి, ఆకు కోసేటప్పుడు జాగ్రత్త’ అని చేరుస్తాను. మా విభాగాధిపతి అడిగిన ఒక్క మాటా ఉంటుంది, పిల్లల వేళ్లూ క్షేమంగా ఉంటాయి. పిసంగి పలకకు వోల్కమేరియా ఇనెర్మిస్ అనే ఖాయం చేశాను.

ముళ్లగోరింట పలక ఇంకా మిగిలే ఉంది. దాని కుటుంబం పేరు ఎకాంథేసీ అని రాసి ఉంది. గ్రీకులో ‘అకాంథ’ అంటే ముల్లని ఇప్పుడు తెలిసింది గనుక అడుగుతున్నాను, పక్క మడిలో ఉన్న అడ్డసరం, నేలవేము కూడా ఆ కుటుంబానివే, వాటికి ఒక్క ముల్లయినా కనబడదు. ఆ మూడు పలకలనూ ఒకే వరుసలో పెడితే పిల్లలు అడగరా?

పాతఫ్లోరా

తప్పకుండా అడుగుతారు. ఒకే వరుసలోనే పెట్టండి.